నోట్లో ఉన్న అచ్చు

తడ దాటి తమిళనాడులో అడుగుపెట్టగానే వచ్చే ఊరు ఆరంబాక్కం. అక్కడి తెలుగు పిల్లలకు ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, బడిలో ఇంగ్లీషు. ఇన్ని భాషలు వింటూ పెరిగే పిల్లలకు ఇంగ్లీషు నోరు తిరగదంటే నేను ఒప్పుకోను.

ముందు అచ్చుల సంగతి చూద్దాం. అచ్చు పలికేటప్పుడు గాలికి నోట్లో ఎక్కడా అడ్డుండదు. నాలుక ఎంత లేచింది, ముందుకుందా వెనక్కుందా, పెదవులు గుండ్రమయ్యాయా అన్నదాన్నిబట్టి ధ్వని మారుతుంది. 'ఈ' అని, వెంటనే 'ఊ' అనండి. నాలుక వెనక్కి జరుగుతుంది, పెదవులు సున్నా చుడతాయి.

ఇప్పుడు 'వచ్చాడు' అనండి, పుస్తకం చదివినట్టు కాదు, ఇంట్లో మాట్లాడినట్టు. మనలో చాలామంది నోట 'చ్చా'లో పలికే అచ్చు 'ఆ' కాదు, 'ఏ' కాదు. దవడ దిగుతుంది, నాలుక మాత్రం ముందువైపే ఉంటుంది. ఇంగ్లీషు 'క్యాట్'లో ఉన్నది దాదాపు అదే, కాస్త పొట్టిగా. మన లిపిలో దానికి అక్షరం లేదు గానీ నోట్లో ఎప్పటినుంచో ఉంది!

అసలు కష్టం మరోచోట. మనం ప్రతి అచ్చునూ నిండుగా పలుకుతాం. ఇంగ్లీషులో ఊనిక లేని అచ్చు నలిగిపోతుంది. 'అబౌట్' మొదట్లో నాలుక నోటి మధ్యలో ఊరికే ఉంటుంది. పైగా బ్రిటిష్ ప్రామాణిక ఉచ్చారణలో అచ్చులు సుమారు 20, రాతలో వాటికున్న అక్షరాలు 5. బ్రిటిష్ ధ్వనిశాస్త్రవేత్త డేనియల్ జోన్స్ 1917లో ప్రత్యేకంగా ఉచ్చారణ నిఘంటువే తెచ్చాడు.

ఉపాధ్యాయులకు నా విన్నపం: స్పెల్లింగు కంటే ముందు పిల్లల చేతికి చిన్న అద్దం ఇవ్వండి. వాళ్ల పెదవులు, దవడ వాళ్లకే కనపడనివ్వండి.