ఎవరు చెప్పిరి?

పిల్లలకు విద్య గఱపుట యనగా విషయములు చెప్పుటయా, విషయములను వెదకు విధము నేర్పుటయా యను ప్రశ్న క్రొత్తది కాదు. కాని అడిగినతోడనే ఉత్తరము నిచ్చు యంత్రము ఇంటింట వెలసిన యీ కాలమున ఆ ప్రశ్న పండితసభలను విడిచి మన యింటి గడపకడకు వచ్చి నిలిచినది. గృహస్థులమైన మనము దీనిని విచారింపక తప్పదు.

మా అన్నగారి మనుమరాలు తొమ్మిదవ తరగతి చదువుచున్నది. నన్నెచోడుడు నన్నయకు పూర్వుడా యను విషయముపై వ్యాసము వ్రాసి తెమ్మని బడిలో చెప్పిరట. పావుగంటలో నాలుగు పుటలు సిద్ధమయ్యెను. భాష నిర్దుష్టము, నన్నెచోడుడే పూర్వుడని తీర్పు నిస్సందేహము. "ఈ మాట ఎవరు చెప్పినారమ్మా?" అని యడిగితిమి. "కృత్రిమ మేధ చెప్పింది తాతయ్యా" అనెను. "దానికెవరు చెప్పినారు?" అంటిమి. బాలిక నవ్వెను, కాని ఆలోచనలో పడెను. అంతట, నన్నయయే మొదటివాడు గదా, ఎందుచేతనో చెప్పుమని దానినే మరల అడిగి చూడుమంటిమి. ఆ యంత్రమే అంత వినయముతోను అంత నిబ్బరముతోను నన్నయ పక్షమున మఱి నాలుగు పుటలు వ్రాసి యిచ్చెను!

మన నైయాయికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములను చెప్పిరి. అందు శబ్దమనగా వినబడిన ప్రతి మాటయు కాదు, ఆప్తుని మాట. విషయమును ఎఱిగినవాడును, ఎఱిగినదానిని ఎఱిగినట్లు చెప్పగోరువాడును ఆప్తుడు. ఈ యంత్రమో, లోకమందలి వ్రాతలనుండి ఏ మాట తరువాత ఏ మాట వచ్చుట సహజమో నేర్చుకొని వాక్యములను కూర్చును. దానియందు శబ్దము కలదు, ఆప్తుడు లేడు. దాని మాట పెక్కుసారులు నిజమే కావచ్చును. కాని నిజము పలుకునప్పుడును బొంకు పలుకునప్పుడును దాని కంఠస్వర మొక్కటియే. వేఱుచేయవలసిన భారము వినువానిదే.

అట్లని ఫోనులను పెట్టెలో పెట్టి తాళము వేయుదమా? అది అవివేకము. మానవల్లి రామకృష్ణకవిగారు నన్నెచోడుని కుమారసంభవమును వెలికిదీసి 1909లో ప్రథమభాగమును ముద్రించి, ఆ కవి నన్నయకు పూర్వుడని వాదించిరి. పలువురు పండితులు కాదనిరి. ఆ కావ్యమే ప్రాచీనము కాదనినవారును తరువాత కలిగిరి. ఈ వాదములను చూడగోరినవాడు ఒకప్పుడు దూరపు పట్టణములకు పోయి గ్రంథాలయముల ముంగిట కాచుకొనవలసి యుండెను. నేడు పాత ముద్రణల ఛాయాప్రతులు వేలకొలది అంతర్జాలమున కలవు. 1852లో వెలువడిన బ్రౌను నిఘంటువును పల్లెలోని పిల్లయు క్షణములో తెఱచి చూడవచ్చును. ఇట్టి భాగ్యము వీరేశలింగముగారికి లేదు, కొమర్రాజు లక్ష్మణరావుగారికి లేదు.

యంత్రమును "తీర్పు చెప్పు"మనుట వేఱు. "సాక్షులను చూపు"మనుట వేఱు. మొదటిది పిల్లను సోమరిని చేయును, రెండవది పరిశోధకురాలిని చేయును. అయినను లేని గ్రంథమునకు పేరు కల్పించి చెప్పుటయు ఆ యంత్రమునకు కలదు గనుక, సాక్షి పేరు విని తృప్తి పడరాదు. గ్రంథమును తెఱచి, పుటను తిప్పి, కన్నులార చూడవలయును.

మా బాలిక అట్లే చేసినది. నాలుగు దినములు కవిగారి పీఠికతో కుస్తీ పట్టి, తెలియని మాటలకు నిఘంటువు చూచి, ఎదుటి పక్షమువారి వ్యాసములు చదివి రెండు పుటలు వ్రాసెను. ఒకరి వాదమిది, ఇంకొకరి వాదమిది, నాకు తేలనిది ఇది అని ముగించెను. దానికి వచ్చిన మార్కులు పదింట ఐదు. యంత్రము వ్రాసిన నాలుగు పుటలను ఉన్నవియున్నట్లు అప్పగించిన ప్రక్కయింటి పిల్లవానికి తొమ్మిది. "నిజం రాస్తే తక్కువా తాతయ్యా?" అని యడిగినప్పుడు మాకు నోట మాట రాలేదు.

ఉపాధ్యాయుని నిందించుట సులభము. కాని బడినుండి వచ్చిన బిడ్డను మనము ఏమని యడుగుచున్నాము? ఎన్ని మార్కులని. నీకెట్లు తెలిసినదని ఎన్నడైన అడిగితిమా? తేలనిదానిని తేలలేదని చెప్పిన బిడ్డను మెచ్చుకొంటిమా? గిడుగు రామమూర్తిపంతులుగారు సవరల భాషను సవరల నోటనే విని నేర్చుకొనిరి. ముఖలింగక్షేత్రమునందలి శాసనములను స్వయంకృషిచేతనే చదువ నేర్చిరి. వారికి యంత్రము లేదు. తెలిసికొనవలయునను ఆర్తి కలదు. యంత్రమును మనము కొని యియ్యగలము. ఆర్తిని కొని యియ్యలేము. మన నడవడిచేతనే అంటింపవలయును.

ఇచ్చట మనకొక పరీక్ష కలదు. ఏ వేరు నూరి త్రాగిన ఏ రోగము పోవునో, ఏ దినమున ఏ పని కూడదో, ఏ కులమువారు ఎట్టివారో తెలుపు సందేశములు మన ఫోనులకు వచ్చుచుండును. వానిని విచారింపక పదుగురికి పంపువారు పిల్లలు కారు, పెద్దలమే. ప్రశ్నింప నేర్చిన బిడ్డ రేపు మనవైపు తిరిగి "ఎవరు చెప్పినారు?" అని యడుగును. అప్పుడు కోపపడితిమా, నేర్పిన విద్యయంతయు బూడిదలో పోసిన పన్నీరే.

వితంతువునకు పునర్వివాహము శాస్త్రవిరుద్ధమని లోకమంతయు ఒక్క గొంతుకతో పలికిన దినములలో, ఏ శాస్త్రము, ఎచ్చట అని వీరేశలింగముగారు గ్రంథములు తెఱచి చూపిరి. ఆ ప్రశ్న ఫలముగా 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున మొదటి వివాహము జరిగినది. ఆయన యడిగిన ప్రశ్నయే నేడు మన బిడ్డ యంత్రమును అడుగవలసిన ప్రశ్న. మనలను అడిగినను మనము ఓర్చుకొనవలసిన ప్రశ్న.