ధ్యేయము గొప్పదైనంతనే పని పవిత్రమగునా?

మన కుటుంబములలోని యువతీయువకులు పలువురు నేడు స్టార్టప్ అని పిలువబడు చిన్న సాంకేతిక సంస్థలలో ఉద్యోగములు చేయుచున్నారు. వానిలో కొన్ని కేవలము లాభము కొఱకు గాక, ఏదేని యొక లోకోపకారమును తమ ధ్యేయముగా ప్రకటించుకొని పుట్టినవి. పల్లెలకు వెలుగు నిచ్చుట, రోగమును ముందుగా కనిపెట్టుట, బడికి దూరమైన పిల్లలకు చదువు చెప్పుట మున్నగునవి ఆ ధ్యేయములు. “మా అబ్బాయి జీతము కొఱకు కాదు, సేవ కొఱకు పనిచేయుచున్నాడు” అని తల్లిదండ్రులు చెప్పుకొనగా వినియుంటిని. సంతోషింపదగిన విషయమే. కాని ఒక ప్రశ్న మిగిలియున్నది. ధ్యేయము గొప్పదైనంత మాత్రమున దానికై చేయు ప్రతి పనియు పవిత్రమగునా?

ఈ ప్రశ్న నాకు గ్రంథములలో ఎదురైనది కాదు. హైదరాబాదులో అట్టి సంస్థ యొకదానిలో నేను నాలుగేండ్లు పనిచేసితిని. సూది గ్రుచ్చకయే రక్తహీనతను కనిపెట్టు చిన్న పరికరమును పల్లెటూరి స్త్రీల కొఱకు తయారుచేయుట మా ధ్యేయము. మొత్తము పదునెనిమిది మందిమి. అందరమును ఒకే బల్ల చుట్టు కూర్చుండి భుజించువారము. రాత్రి పది గంటలైనను ఇంటికి పోవలెనని ఎవరికిని తోచెడిది కాదు. ఒక ఆరోగ్య ఉపకేంద్రములో గర్భవతి యొకతె మా పరికరములో వ్రేలుంచి, నొప్పియే లేదని నవ్విన దినమున నాకు కలిగిన ఆనందమును ఏ జీతమును ఈయజాలదు. ఇది యంతయు సత్యము.

దీనికి రెండవ ముఖమును కలదు. మా కార్యాలయమును ఊడ్చి శుభ్రపరచు వృద్ధురాలికి రెండు నెలలు జీతము ముట్టలేదు. మాకును ముట్టలేదు. కాని మాకు సంస్థలో వాటాలు కలవు, రేపటిపై ఆశ కలదు. ఆమెకు ఆ రెండును లేవు. ఒకనాడామె నా యొద్దకు వచ్చి, “పేదోళ్ళ కోసమే కదయ్యా మీ కంపెనీ? మరి నేను పేదదాన్ని కానా?” అని అడిగినది. నాకు సమాధానము దొరకలేదు. దూరముననున్న పేదలను తలచుచు ఎదుటనున్న పేదరాలిని మరచితిమి.

అంతకంటె పెద్ద తప్పు నాదే. మాకు విరాళమిచ్చు వారికి పంపవలసిన పరీక్షా నివేదికను నేను వ్రాసితిని. పరీక్షించిన నలువది మందిలో ముగ్గురికి రక్తహీనత లేదని మా పరికరము చెప్పగా, ఉన్నదని ప్రయోగశాల తేల్చినది. ఆ ముగ్గురిని విడిచి మిగిలిన వారి లెక్కను మాత్రమే వ్రాసితిని. అట్లు చేయుమని ఎవ్వరును ఆజ్ఞాపింపలేదు. ధనము రాకున్నచో పని నిలిచిపోవును, వేలకొలది స్త్రీలు నష్టపడుదురు అని నాకు నేనే చెప్పుకొంటిని. స్వార్థము కొఱకు అబద్ధమాడుటకు సిగ్గుపడెడి నేను, సేవ పేరిట సంకోచింపకయే ఆడితిని. గొప్ప ధ్యేయములోని అపాయమిదియే. అది తప్పును కూడ త్యాగమువలె కనబరచును.

ఈ దారిలో తుదివరకు పోయిన సంస్థ యొకటి అమెరికాలో నుండెడిది. 2003లో ఎలిజబెత్ హోమ్స్ అను పందొమ్మిదేండ్ల యువతి కాలిఫోర్నియాలో థెరానోస్ అను సంస్థను స్థాపించినది. వ్రేలికొన నుండి తీసిన కొలది రక్తపు బొట్లతోనే అనేక పరీక్షలు చేయుదుమని ఆమె ప్రకటించినది. వినుటకు ఎంత ఉదాత్తమైన ధ్యేయము! ఒక దశలో ఆ సంస్థ విలువను 900 కోట్ల డాలర్లుగా కట్టిరి. కాని యంత్రము చెప్పినట్లు పనిచేయలేదు. అప్పుడే చదువు ముగించి ప్రయోగశాలలో చేరిన ఎరికా చుంగ్ అను యువతి, సరిపడని ఫలితములను ప్రక్కకు నెట్టుట చూచి, ఉద్యోగము విడిచి, 2015లో ప్రభుత్వ పర్యవేక్షణ శాఖకు లేఖ వ్రాసినది. ఆమె సహోద్యోగి టైలర్ షుల్ట్జ్ కూడ లోపములను బయటపెట్టెను. అతని తాతగారు ఆ సంస్థ పాలకవర్గ సభ్యులు. ఆయన మొదట మనుమని మాట నమ్మలేదు. 2018లో ఆ సంస్థ మూతపడినది. పెట్టుబడిదారులను మోసగించిన నేరమునకు 2022లో హోమ్స్‌కు పదకొండేండ్లకు పైగా కారాగార శిక్ష విధింపబడినది.

ఆ తీర్పు వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పరిమాణమున భేదమున్నను, ఆ ప్రయోగశాలలో జరిగిన పనియు నేను చేసిన పనియు ఒక్కటియే. మరునాడు మా సంస్థాపకుని కలిసి ఉన్నదున్నట్లు చెప్పితిని. ఆయన చాలసేపు మాటలాడలేదు. పిదప దాతలకు సవరించిన నివేదికను తానే పంపెను. వచ్చునట్టి ధనము సగమైనది. ఇద్దరు సహోద్యోగులు పని కోల్పోయిరి. వారిలో ఒకరికి అప్పుడే బిడ్డ పుట్టియుండెను. నిజము చెప్పినందుకు నాకు పశ్చాత్తాపము లేదు; మొదటనే చెప్పనందుకు కలదు. నేను ఆలస్యము చేసిన సత్యమునకు వెల వారు చెల్లించిరి.

అట్లని ధ్యేయములన్నియు వంచనలే యని తలపరాదు. మదురైలో డాక్టర్ జి. వెంకటస్వామి గారు పదవీ విరమణానంతరము 1976లో పదకొండు పడకలతో అరవింద్ నేత్ర వైద్యాలయమును ప్రారంభించిరి. కంటి శుక్లములకు శస్త్రచికిత్స చేసి అమర్చు కృత్రిమ కటకములు నాడు విదేశముల నుండి రావలసియుండెను. వాని వెల పేదలకు అందనిది. అందుచే 1992లో ఆరోలాబ్ అను తయారీ సంస్థను నెలకొల్పి, కటకమును దాదాపు పది డాలర్లకే అందించిరి. నేడవి వందకు పైగా దేశములకు పోవుచున్నవి. అక్కడ ధ్యేయము ఎంత గొప్పదో, కటకము అంత నిర్దోషముగా నుండవలసివచ్చినది. లోపమున్న కటకమును, ఇది పేదల కొఱకే కదా యని ఎవ్వరి కంటిలోను అమర్చజాలరు.

మన పెద్దలు పనిని కాయకమనిరి. ఆయ్దక్కి మారయ్య కల్యాణములో నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఆ బియ్యముతోనే ఆ దంపతులు జంగమ దాసోహము చేయుచుండిరి. ఒకనాడతడు నిత్యము తెచ్చుదానికంటె అధికముగా తెచ్చెను. భార్య లక్కమ్మ అది చూచి, ఇది ఆశ యని గద్దించి, అధికమైన దానిని తిరిగి పోసి రమ్మని పంపినది. ఎక్కువ బియ్యముతో ఎక్కువ దాసోహము జరిగెడిదే కదా! అయినను ఆమె ఒప్పుకొనలేదు. దాసోహము పేరు చెప్పి కాయకములోని కల్మషమును కడుగజాలమని ఆమె గ్రహించినది. మా నివేదికను లక్కమ్మ చూచియున్నచో, ఆ ముగ్గురి పేర్లను తిరిగి వ్రాసి రమ్మని నన్ను పంపియుండెడిది.

కావున మన బిడ్డలు ఇట్టి సంస్థలలో చేరినపుడు వారిని నిరుత్సాహపరుపవలదు. వారి ఉత్సాహము విలువైనది. అయితే పండుగకు ఇంటికి వచ్చినపుడు, మీ సంస్థ లోకమునకేమి చేయబోవుచున్నదని మాత్రమే అడిగి ఊరకొనవద్దు. మీ కార్యాలయము ఊడ్చునామెకు ఈ నెల జీతము ముట్టినదా యని అడుగుడు. సరిపడని లెక్క వచ్చినపుడు ఏమి చేయుదురని అడుగుడు. తప్పు చూచినవాడు భయము లేక చెప్పగలడా యని అడుగుడు. ఈ ప్రశ్నలు నన్నెవ్వరును అడుగలేదు. అడిగియున్నచో ఆ ముగ్గురు స్త్రీల లెక్క మొదటి నివేదికలోనే ఉండెడిదేమో.