అబుద్ధిపూర్వక దోషము

తెలియక చేసిన తప్పునకు శిక్ష యుండవచ్చునా? ఈ ప్రశ్న ధర్మశాస్త్రజ్ఞులను, న్యాయాధిపతులను మాత్రమే బాధించునది కాదు. ప్రతి గృహమునందును దినమున కొకమారైనను ఇది తలయెత్తుచునే యుండును. పిల్లవాని చేయి తగిలి పాలగిన్నె యొలికినపుడు తల్లి పలుకు మొదటి మాటలోనే దీనికి సమాధాన మిమిడి యున్నది. ఇంత గంభీరమైన ప్రశ్నను విచారించుటకు మేమొక యాటను ఉదాహరణముగా గైకొనుచున్నాము. చదువరులు దీనిని చాపల్యమని తలంపకుందురు గాక. ఆటలయందు మనుజుడు తన్ను బంధించు ధర్మమును తానే నిర్మించుకొనును. కావున నచ్చట న్యాయాన్యాయములు తేటగా గానవచ్చును.

స్కాట్లండు దేశమున పెంపొందిన గాల్ఫ్ అను నాటకు 1744వ సంవత్సరమున లీత్ పట్టణమున పదుమూడు నియమములు వ్రాయబడినవి. చిన్న బంతిని కర్రతో గొట్టుచు దూరమందున్న గుంటలో పడవేయుటయే యీ యాట. తక్కువ దెబ్బలతో ముగించినవాడే విజేత. గుంట చుట్టును మిక్కిలి పొట్టిగా గత్తిరించిన నున్నని పచ్చిక యుండును. దానిని గ్రీన్ అందురు. అచ్చట పట్టర్ అను కర్రతో బంతిని మెల్లగా దొర్లింతురు. ఈ యాటయందొక విశేషము గలదు. గొప్ప పోటీలయందు దక్క, ఆటగాని వెంట న్యాయనిర్ణేత యుండడు. ఆటగాడు తన తప్పును తానే కనిపెట్టి, తానే చెప్పి, తన లెక్కలో శిక్షను తానే కలుపుకొనవలెను.

ఇపుడొక సందర్భమును భావింపుడు. ఆటగాడు గ్రీన్ మీద బంతి చెంత నిలిచి, కొట్టుటకు బూర్వము కర్రను సరిచూచుకొనుచుండగా, కర్రకొన తగిలి బంతి యావగింజంత జరిగినది. అతడు కావలెనని చేయలేదు. దానివలన నతనికి లాభమును లేదు. అయినను బహుకాలము అమలునందుండిన నియమము ప్రకారము బంతిని యథాస్థానమున నుంచి, ఒక దెబ్బను శిక్షగా నెత్తిన వేసికొనవలసి యుండెను. మనస్సును చూచుట యెవ్వరికిని సాధ్యము కాదు; బంతి కదలుట కంటికి గనబడును; కావున కనబడినదానికే శిక్ష యని యా నియమమును సమర్థింపవచ్చును.

ఈ వాదమునందలి కష్టము 2016వ సంవత్సరమున అమెరికాలోని ఓక్‌మాంట్ క్షేత్రమున లోకమునకు వెల్లడియైనది. ఆ దేశపు ఓపెన్ పోటీ చివరి దినమున, అయిదవ గ్రీన్ మీద డస్టిన్ జాన్సన్ అను నాటగాని బంతి కొంచెము కదలెను. అతడు తత్‌క్షణమే వెంటనున్న యధికారితో జెప్పి, తాను కదల్పలేదనెను. అధికారి యంగీకరించెను. కాని పండ్రెండవ గుంటకు బోవునప్పటికి, శిక్ష పడవచ్చునని యితర యధికారులు హెచ్చరించిరి. తాను ఎన్ని దెబ్బలతో నున్నాడో జాన్సనుకును దెలియదు. ఆతనితో బోటీపడువారికిని దెలియదు. ఆట ముగిసినపిదప నొక దెబ్బ కలుపబడినది. అయినను అతడు మూడు దెబ్బల తేడాతో గెలిచెను.

మరుసటి సంవత్సరము జనవరి 1వ తేదీ నుండి ఈ శిక్షను తొలగించుకొను స్వేచ్ఛ పోటీలు నడుపువారి కొసగబడినది. 2019 నుండి ఇదియే ప్రధాన నియమమైనది. గ్రీన్ మీద పొరపాటున బంతి కదలినచో శిక్ష లేదు. కాని దానిని మరల మొదటి చోటనే యుంచవలెను. ఉంచక యాడినచో, దెబ్బల లెక్కపై సాగు పోటీలో రెండు దెబ్బల శిక్ష తప్పదు.

ఈ మార్పును గొందరు క్రమశిక్షణ సడలుటగా నెంతురు. మా యభిప్రాయమట్టిది కాదు. పొరపాటునందు మూడు విషయములు పెనవైచికొని యున్నవి. సంకల్పమొకటి, జరిగిన నష్టమొకటి, నిజము చెప్పుట యొకటి. సంకల్పము లేనిచోట శిక్షకు గారణము లేదు. కాని సంకల్పము లేదన్నంతమాత్రమున నష్టము మాసిపోదు. దానిని సరిదిద్దు బాధ్యత మిగిలియే యుండును. నిజము చెప్పు బాధ్యతయు నట్టిదే. నూతన నియమము మొదటిదానిని క్షమించినది. తక్కిన రెంటిని విడిచిపెట్టలేదు.

అట్లయిన దొంగ పొరపాట్లు పెరుగవా యని యడుగవచ్చును. బంతి మరల పూర్వస్థానమునకే పోవునపుడు కల్లలాడువానికి గలుగు లాభమేమి? లాభము లేని యబద్ధమున కెవ్వడును ఆశపడడు. గ్రీన్ వెలుపల, పొడవైన గడ్డిలో బంతి యే తీరున నిలిచియుండెనో సరిగా దెలిసికొనుట కష్టము. కదలికవలన మేలు జరిగినను జరుగవచ్చును. అందుచే నచ్చట, స్వల్పములైన మినహాయింపులతో, శిక్ష నేటికిని నిలిచియే యున్నది. యథాపూర్వముగ సరిదిద్దదగిన తప్పునకు క్షమ, సరిదిద్దుట కష్టమైనదానికి జాగ్రత్త. ఈ భేదము సమంజసమే.

1925లో అమెరికా ఓపెన్ పోటీయందు బాబీ జోన్స్ అను ప్రసిద్ధ క్రీడాకారుడు పొడవైన గడ్డిలో బంతిని గొట్టబోవుచుండగా నది యించుక కదలెను. ఎవ్వరును జూడలేదు. అతడు తానే చెప్పి, అధికారులు సందేహించినను వినక, యొక దెబ్బ శిక్షగా వేసికొనెను. తుదకు విల్లీ మాక్‌ఫర్లేన్‌తో సమానముగా నిలిచి, పిదప జరిగిన నిర్ణాయకపు టాటలో నొక్క దెబ్బతో నోడెను. జనులు కొనియాడగా, బ్యాంకును దోచుకొననందుకు ననుబొగడుదురా యని యర్థమువచ్చునట్లు బదులు పలికెనని ప్రసిద్ధి. ఆయన దృష్టిలో నది గొప్పతనము కాదు, కనీసధర్మము.

మన పూర్వులీ భేదము నెరుగకపోలేదు. బుద్ధిపూర్వకముగ జేసిన పాపమునకు, తెలియక చేసినదానికి ధర్మశాస్త్రములు వేరువేరుగ ప్రాయశ్చిత్తములు విధించినవి. రామాయణమున దశరథుడు చీకటిలో, ఏనుగని భ్రమించి, ముని కుమారుని బాణముతో గొట్టెను. పారిపోయిన నెరుగువారు లేరు. అయినను నీటికుండ గొని, కన్నులు లేని యా తలిదండ్రుల కడకు దానే పోయి చెప్పెను. నీవు చెప్పకున్న నీ తల వేయి వ్రక్కలయ్యెడిది, తెలియక చేసితివి గావున బ్రతికితివి అని యా ముని పలికెను. శాపము మాత్రము తప్పలేదు. పోయిన కొడుకును మరల దెచ్చి యుంచుటకు చోటు లేదు గదా.

ఇక మన యిండ్లకు వత్తము. గాజుగిన్నె పగిలినప్పుడు పిల్లవానిని గొట్టుదుము. పనిమనిషి జీతమున గోతకోయుదుము. క్రొత్తకోడలిని నలుగురిలో నెత్తిపొడుతుము. పగిలిన గిన్నె యతుకుకొనదు. కాని మరునాటినుండి పెంకులు పెరటిలో బాతిపెట్టబడును. శిక్షకు వెరచి కల్లలాడుట నేర్పినవారము మనమే. అట్లని, పోనిమ్మని యూరకుండుటయు దగదు. ఒలికిన పాలను దుడువుమని గుడ్డ యిత్తము. నిజము చెప్పినందుకు దగ్గరకు దీసికొందము. చేయి తప్పుట మనుష్యసహజము. చేసినది నేనని చెప్పి, చేతనైనంత చక్కబరచుటయే మనుష్యధర్మము. ఆ ధర్మము నిర్భయముగ నాచరింపదగిన తావుగా మన యింటిని మనమే చేసికొనవలెను.