తీరిన బాకీ ఎవరిది?

ఆలస్యంగా అందిన న్యాయం గురించి మాట్లాడేటప్పుడు మనం తరచుగా వాడే వాక్యం ఒకటుంది: "చివరికి గెలిచారు." ఇందులో కర్త లేదు. తెలుగులో కర్త లేకుండానే వాక్యం నడిచిపోతుంది కాబట్టి ఎవరు గెలిచారని అడగాలని కూడా తోచదు. నష్టపోయినవాళ్లూ గెలిచినవాళ్లూ ఒకరేనా? ఒకరి చేతిలోంచి లాక్కున్నది నలభై ఏళ్ల తర్వాత ఇంకొకరి చేతిలో పెడితే దాన్ని తిరిగి ఇవ్వడం అనొచ్చా? సాహిత్య పరిశోధనలో ఉన్నదాన్ని కాబట్టి ఈ ప్రశ్న నాకు పుస్తకాల మధ్యే ఎదురవుతూ వచ్చింది. కానీ దాని స్వరూపం స్పష్టంగా కనిపించింది మాత్రం ఒక బాస్కెట్‌బాల్ జట్టు చరిత్రలో.

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, పత్తి పొలాల మధ్య, క్లీవ్‌లాండ్ అనే చిన్న ఊరుంది. అక్కడి డెల్టా స్టేట్ యూనివర్సిటీ అమ్మాయిల జట్టు 1974-75 సీజన్‌లో 28 ఆటలు ఆడి 28 గెలిచింది. 1975 మార్చిలో వర్జీనియాలో జరిగిన జాతీయ చాంపియన్‌షిప్ ఫైనల్లో ఇమాక్యులాటా కాలేజీని 90-81తో ఓడించింది. ఇమాక్యులాటా సామాన్యమైన జట్టు కాదు. ఫిలడెల్ఫియా దగ్గర కాథలిక్ సన్యాసినులు నడిపిన ఆ ఆడపిల్లల కాలేజీ 1972 నుంచి వరసగా మూడేళ్లు చాంపియన్. అలాంటి జట్టు మీద డెల్టా స్టేట్ క్రీడాకారిణి లూసియా హారిస్ ఒక్కతే 32 పాయింట్లు చేసింది, 16 రీబౌండ్లు పట్టింది. ఆ తర్వాత 1976లోనూ 1977లోనూ డెల్టా స్టేట్ మళ్లీ గెలిచింది.

ఇంకా ఆశ్చర్యపరిచేదేమంటే, ఆ జట్టు మొదలై అప్పటికి రెండేళ్లే. అయితే 'మొదలై' అన్న మాట సరైనది కాదు. అది 1973లో తిరిగి మొదలైంది.

అంతకు నలభై ఏళ్ల కిందట ఆ కాలేజీలో అమ్మాయిల జట్టు ఉండేది. అందులో మార్గరెట్ వేడ్ అనే విద్యార్థిని ఆడేది. 1930ల తొలి సంవత్సరాల్లో, ఆమె ఆఖరి ఏడాది ఆట ఇంకా మిగిలి ఉండగానే, కాలేజీ ఆ జట్టును రద్దు చేసింది. ఆ ఆట యువతుల శరీరానికి మించిన శ్రమ అన్నది కారణం. అమ్మాయిలు ఏడ్చారు. తమ యూనిఫారాలు తగలబెట్టుకున్నారు. అంతకు మించి చేయగలిగిందేమీ వాళ్లకు లేదు.

ఇది ఏ ఒక్క ప్రిన్సిపాల్ ఛాందసమో అనుకుంటే పొరపాటు. ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ పుట్టుకలోనే ఈ 'రక్షణ' ఉంది. 1890లలో స్మిత్ కాలేజీలో సెండా బెరెన్సన్ ఈ ఆటను అమ్మాయిలకు నేర్పినప్పుడు మైదానాన్ని మూడు భాగాలు చేసి, ఎవరి భాగంలో వాళ్లే ఉండాలని నియమం పెట్టింది. ఎక్కువ పరిగెత్తకూడదు, ఒకరి చేతిలో బంతిని మరొకరు లాక్కోకూడదు. ఆడనివ్వాలంటే ఆటను కుదించాల్సి వచ్చింది. 1920లలో అమెరికాలో స్త్రీల పోటీ క్రీడల్ని వ్యతిరేకించినవాళ్లలో వ్యాయామ విద్య నేర్పే స్త్రీలే ముందు వరసలో ఉన్నారు. వాళ్ల భయాలన్నీ అర్థం లేనివి కావు. టిక్కెట్లు అమ్ముకునేవాళ్లు అమ్మాయిల శరీరాల్ని ప్రదర్శనకు పెడతారని, గెలుపు మోజులో వాళ్ల ఆరోగ్యం పాడుచేస్తారని వాళ్లు ఆందోళన పడ్డారు. కానీ దోపిడీ చేసేవాళ్లను ఆపడం కష్టం, ఆడేవాళ్లను ఆపడం తేలిక. పితృస్వామ్యం మనకిచ్చే రక్షణ ఎప్పుడూ ఇలా తేలికైన దారినే ఎంచుకుంటుంది. అది మనకు తెలియని విషయం కాదు.

వేడ్ తర్వాత కొన్నాళ్లు కాలేజీ బయట ఒక జట్టుకు ఆడింది. మోకాలి దెబ్బతో అదీ ఆగింది. తర్వాత దాదాపు రెండు దశాబ్దాలు హైస్కూలు అమ్మాయిలకు కోచ్‌గా పనిచేసి 450కి పైగా ఆటలు గెలిపించింది. 1950ల చివర డెల్టా స్టేట్‌కే అధ్యాపకురాలిగా తిరిగి వచ్చింది. విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధిస్తూ 1972లో 'టైటిల్ నైన్' చట్టం వచ్చాక, 1973లో కాలేజీ జట్టును పునరుద్ధరించి ఆమెనే కోచ్‌గా పెట్టింది. రద్దయిన జట్టులోని అమ్మాయి 62 ఏళ్ల వయసులో అదే కాలేజీ జట్టును జాతీయ చాంపియన్‌గా నిలబెట్టింది. 1978 నుంచి ఏటా అమెరికా కాలేజీ క్రీడాకారిణుల్లో ఉత్తమురాలికి ఆమె పేరుతో ట్రోఫీ ఇస్తున్నారు. 1985లో బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన తొలి స్త్రీలలో ఆమె ఒకరు. పైన చెప్పిన సెండా బెరెన్సన్ కూడా అదే ఏడాది చేరింది.

ఇంత చక్కగా ముడిపడిన కథ దొరికితే ఎవరైనా ఏమంటారు? "చివరికి గెలిచింది" అంటారు. సినిమా అయితే యూనిఫారాలు తగలబడే దృశ్యం పక్కన ట్రోఫీ పట్టుకున్న దృశ్యం పెడతారు. నా అభ్యంతరం సరిగ్గా ఇక్కడే.

వేడ్‌కి ఆనందం దక్కలేదని నేననడం లేదు. అలా అనే హక్కు నాకు లేదు. ఆ ఆనందాన్ని పరిహారంగా లెక్క రాసేది ఎవరు, అన్నదే నా ప్రశ్న. ఇరవై ఏళ్ల అమ్మాయి పోగొట్టుకున్నది తన కాళ్లతో, తన ఊపిరితో ఆడాల్సిన ఒక సీజన్. 62 ఏళ్ల కోచ్‌కి దక్కింది వేరేవాళ్లు ఆడిన సీజన్. రెండూ విలువైనవే, కానీ రెండూ ఒకటి కాదు. పైగా ఆ పాత జట్టులో వేడ్ ఒక్కతే లేదు కదా. తనతోపాటు యూనిఫారం కాల్చుకున్న మిగతా అమ్మాయిలకు 1975లో ఏం తిరిగొచ్చింది? కథను ఒక్క మనిషి చుట్టూ అల్లడం వల్లే బాకీ తీరినట్టు కనిపిస్తుంది. ఆ మిగతావాళ్లను కూడా తీసుకొచ్చి నిలబెడితే లెక్క కుదరదు.

ఈ లెక్క వల్ల లాభపడేది మరొకరున్నారు, సంస్థ. జట్టును రద్దు చేసిందీ, పునరుద్ధరించిందీ, ట్రోఫీ అద్దాల బీరువాలో పెట్టుకుందీ ఒకే కాలేజీ. తర్వాతి గెలుపును ముందటి అన్యాయానికి జమ కట్టుకోవడం ఏ సంస్థకైనా సౌకర్యమే. క్షమాపణ చెప్పనక్కర్లేదు, ఉత్సవం చేస్తే చాలు.

మా అమ్మ స్కూల్లో బాల్ బ్యాడ్మింటన్ ఆడేది. జిల్లా స్థాయి దాకా వెళ్లింది. పదో తరగతి అయ్యాక, ఎదిగిన పిల్ల ఊళ్లు పట్టుకు తిరగడమేమిటని మా తాతయ్య మాన్పించాడు. నాకు డాక్టరేట్ వచ్చినప్పుడు ఇంటికొచ్చిన మా మేనత్త సంతోషంగా, "నీ కోరిక నీ కూతురు తీర్చింది వదినా" అంది. అమ్మ కాఫీ గ్లాసులు సర్దుతూనే, "దాని చదువు దానిది, నా ఆట నాది. దీన్ని తెచ్చి ఆ ఖాతాలో వేస్తే ఎట్లా?" అంది. మాటలో కోపం లేదు. నా చదువు మీద చిన్నచూపూ లేదు. తనది పోయిందన్న సంగతిని ఎవరూ తుడిచేయకుండా చూసుకుందంతే. నైతిక తత్వశాస్త్రంలో పరిహారం గురించి నేను చదివిన చాలా చర్చలకంటే ఆ మాట సూటిగా ఉందనిపించింది. ఒకరి నష్టాన్ని మరొకరి లాభంతో కొట్టేయాలంటే ఇద్దరూ ఒకే మనిషి అనుకోవాలి. తల్లీ కూతుళ్లను ఒకే మనిషిగా చూడటం మన కుటుంబాలకు బాగా అలవాటు. 'స్త్రీ' అనే ఒకే మనిషి తరతరాలుగా నడిచొస్తోందని ఊహించడం మన ఉద్యమాలకూ కొంత అలవాటైపోయింది.

ఆ ఊహ ఎక్కడ బీటలు వారుతుందో చూపించేది లూసియా హారిస్. ఆమె మిసిసిపీలోని మింటర్ సిటీలో, పొలం పనులతో బతికే కుటుంబంలో, పదకొండు మంది పిల్లల్లో పదో సంతానం. 1974-75 జట్టులో ఆమె ఒక్కతే నల్లజాతి అమ్మాయి. డెల్టా స్టేట్ 1967 దాకా నల్లజాతి విద్యార్థుల్ని చేర్చుకోనేలేదు. అంటే వేడ్ దగ్గర్నుంచి లాక్కున్న జట్టు తెల్ల అమ్మాయిల జట్టు. దాన్ని రద్దు చేయకుండా ఉంచినా హారిస్ తల్లి తరం స్త్రీలకు అందులో చోటుండేది కాదు. వాళ్ల నుంచి ఆటను తీసేయాల్సిన అవసరమే రాలేదు, ముందే గేటు వేసి ఉంది కాబట్టి. అలాంటప్పుడు 1975లో 'తిరిగి వచ్చింది' అన్న మాట హారిస్ విషయంలో ఏ అర్థమిస్తుంది? వేడ్ బాకీ తీరిందని మనం చెప్పుకుంటున్న ఫైనల్లో ఎక్కువ పాయింట్లు చేసిన చేతులు, ఆ బాకీ పత్రంలో పేరే లేని మనుషులవి. కులం సంగతి పక్కనపెట్టి 'స్త్రీ' అని మాట్లాడినప్పుడు మన దగ్గర దళిత స్త్రీలు వేసిన ప్రశ్న కూడా ఇదే కదా: మీరు చెప్పే 'మనం' ఎవరు?

హారిస్ విషయంలో ఇంకో సంగతుంది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో తొలిసారి స్త్రీల బాస్కెట్‌బాల్ పెట్టినప్పుడు మొట్టమొదటి పాయింట్లు చేసింది ఆమే. 1977లో న్యూ ఆర్లియన్స్ జాజ్ అనే పురుషుల వృత్తి జట్టు ఆమెను డ్రాఫ్ట్‌లో ఎంచుకుంది. ఆమె వెళ్లలేదు. అప్పుడామె గర్భవతి. స్త్రీలకంటూ పెట్టిన ఒక లీగ్‌లో 1979-80లో కొద్దికాలం ఆడింది. ఆ లీగ్ 1981లో మూతపడింది. ఇప్పుడున్న డబ్ల్యూ.ఎన్.బి.ఎ. పోటీలు మొదలయ్యేసరికి 1997 వచ్చింది, అప్పటికామె వయసు 42. డెల్టా స్టేట్‌లో ఉద్యోగం చేసింది, తర్వాత హైస్కూల్లో పాఠాలు చెప్పింది, ఆట నేర్పింది, మానసిక అనారోగ్యంతో పోరాడింది. 2022 జనవరిలో చనిపోయింది. ఆమె మీద 2021లో తీసిన 'ద క్వీన్ ఆఫ్ బాస్కెట్‌బాల్' అనే లఘు డాక్యుమెంటరీకి ఆమె పోయిన రెండు నెలలకు ఆస్కార్ వచ్చింది.

అంటే ఒక తరం బాకీ తీరిందని చప్పట్లు కొట్టిన ఏడాదే ఇంకొకరి బాకీ రాసుకోవడం మొదలైంది. అత్యున్నత స్థాయిలో ఆడగలిగిన మనిషికి కాలేజీ తర్వాత ఆడటానికి చోటు లేకపోవడం, ఆట లాక్కోవడం కంటే చిన్న విషయమేమీ కాదు. తేడా ఒక్కటే, ఈసారి ఎవరూ దేన్నీ రద్దు చేయలేదు. లేనిదాన్ని రద్దు చేయలేరు. అందుకే ఆ రెండో నష్టానికి యూనిఫారాల మంట లాంటి దృశ్యం లేదు. దృశ్యం లేని నష్టాలు చరిత్రలోకి ఎక్కడం కష్టం.

మన పనిలోనూ ఇదే జరుగుతుంది. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లోనే అచ్చయింది. అయినా 1910 నాటి గురజాడ 'దిద్దుబాటు'నే తొలి తెలుగు కథగా ఏళ్ల తరబడి పాఠాల్లో చెప్పుకున్నాం. స్త్రీవాద పరిశోధకులు అచ్చమాంబను వెలికి తెచ్చారు. అది అవసరమైన, గొప్ప పని. కానీ ఆ పని చేసినప్పుడల్లా మనం "న్యాయం జరిగింది" అంటాం. ఎవరికి? 1905లో ముప్పై ఏళ్లకే చనిపోయిన అచ్చమాంబకా? ఆమెను చదవకుండా, తమకు ముందు దారి వేసిన స్త్రీ ఒకరున్నారని తెలియకుండా కథలు రాసుకున్న స్త్రీలకా? వాళ్లకు ఆ తోడు లేకుండా పోయింది, ఇక అది తిరిగి రాదు. మేలు జరిగింది మనకు. పునరుద్ధరణ మనకొక పూర్వీకురాలిని ఇచ్చింది, మన వ్యాసాలకు వస్తువునూ ఇచ్చింది. మన మేలును ఆమెకు చేసిన న్యాయంగా చెప్పుకోవడంలో కొంచెం తొందర ఉంది.

"అయితే గెలుపుకి విలువే లేదంటారా? ఏం జరిగినా బాకీల జాబితా చదువుతూ కూర్చోవాలా?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు దీనికి పూర్తిగా వ్యతిరేకం. గెలుపును పరిహారంగా చూసినప్పుడే దాని విలువ తగ్గుతుంది. 28 ఆటలూ గెలిచిన ఆ సీజన్ ఆ అమ్మాయిలది. వాళ్లు కష్టపడ్డారు, వాళ్లు పరిగెత్తారు. అది వాళ్లకు ముందు తరం తాలూకు దుఃఖాన్ని తుడవడానికి వాడిన గుడ్డ కాదు. వేడ్ కోచ్‌గా సాధించింది కూడా, తాను ఆడలేకపోయిన సీజన్‌కు వడ్డీ కాదు. అది ఇంకో వయసులో, ఇంకో పనిలో ఆమె చూపిన నైపుణ్యం. గెలుపును గెలుపుగా, నష్టాన్ని నష్టంగా వేర్వేరు పేజీల్లో రాసుకుంటేనే రెండింటికీ మర్యాద దక్కుతుంది.

అలా రాయడానికి కొంత ఓర్పు కావాలి. ముగింపు లేని కథను భరించాలి. తీరని బాకీలు కొన్ని ఎప్పటికీ తీరవని, వాటిని తీర్చాల్సినవాళ్లూ అందుకోవాల్సినవాళ్లూ వెళ్లిపోయారని ఒప్పుకోవాలి. ఆ ఎరుక మనల్ని నిరాశలో పడేస్తుందని నేననుకోను. పోయినదాన్ని తిరిగి ఇవ్వలేమని తెలిసినప్పుడే, ఇంకా పోని దాని మీద మన చూపు నిలుస్తుంది. ఇవాళ ఏ ఊళ్లో, ఏ కాలేజీలో, ఏ అమ్మాయికి తన ఆఖరి ఏడాది ఆట ఇంకా మిగిలి ఉందో, ఆమె బాకీని మాత్రం రాయకుండా ఆపగలం.