పుట్టీ పెట్టకముందే ఒక మాట

కోడలా,

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. హాలుకు మొరాకో నీలం, మెట్ల గోడకు మెక్సికో గులాబీ, పడగ్గది జపాను వాళ్ళ తీరు, వంటిల్లు స్వీడను వాళ్ళ తెలుపు. ముప్పాళ్ళలో ఇల్లు కట్టుకుంటూ లోకమంతా చుట్టొచ్చావు, సంతోషం. మీ నాన్నలా ‘ఏదో ఒక క్రీము కలరు కొట్టించి పారేద్దాం’ అనే రకాన్ని కాను నేను. రంగులంటే నాకూ ప్రాణమే. అందుకే మేస్త్రీ గోడలకు పుట్టీ పూయకముందే నాలుగు మాటలు చెప్పనీ. తర్వాత చెప్పినా దండగ.

ఏ దేశం రంగైనా తెచ్చుకో, కాదనను. అయితే వాళ్ళు దాన్ని ఏ ఎండలో, ఏ అవసరానికి వేసుకున్నారో ముందు కనుక్కో. స్వీడనులో డిసెంబరొస్తే మధ్యాహ్నం మూడింటికే పొద్దుగూకుతుంది. వచ్చే ఆ కాస్త వెలుతురునూ ఇంట్లో నిలుపుకోవడానికి వాళ్ళకు తెల్లగోడ కావాలి. మనకు వెలుతురు కరువా? రెంటచింతల ఎండలు రేడియోలో విని పెరిగిన వాళ్ళం. దక్షిణం వైపు అంత కిటికీ పెట్టించి, ఎదురుగోడకు పాలతెలుపు కొట్టిస్తే పొయ్యి దగ్గర నిలబడే మనిషికి కళ్ళు చికిలించుకోవడమే పని. ఆ తెలుపంతా తీసుకెళ్ళి డాబా మీద పోయించు. ఎండను వెనక్కి కొట్టే పని అక్కడ చేస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పులకని ఒక విధానమే తెచ్చింది. వంటింటి గోడకు లేత గోధుమరంగు చాలు.

నీకు నచ్చిన ఆ మొరాకో నీలం సంగతీ అంతే. మర్రకేష్‌లో జాక్ మజోరెల్ అనే ఫ్రెంచి చిత్రకారుడు 1937లో తన తోటలో వేయించిన రంగది. ఆ తోటను 1980లో ఈవ్ సాన్ లోరాన్ అనే ఫ్యాషన్ ఆయన, తన భాగస్వామితో కలిసి కొని కాపాడాడు. ఊరంతా ఎర్రమట్టి రంగు, తోటనిండా పచ్చటి నాగజెముడు, నెత్తిన ఎండ. వాటి మధ్య ఆ నీలం వెలిగిపోతుంది. దాన్నే నీ హాలులో నాలుగు గోడలకూ కొడితే రాత్రి ట్యూబులైటు కింద నల్లబడి కూర్చుంటుంది. వరండాలో పూలకుండీలకు వేయించు, గేటుకు వేయించు. ఎండ తగిలే చోట దాని అందం దానికుంటుంది.

మనకు మాత్రం నీలం తెలియదా ఏమిటి! సంక్రాంతికి వెల్ల వేసిన రోజులు నీకు గుర్తుండవు. పిడుగురాళ్ళ బట్టీల సున్నపురాళ్ళు తెచ్చి పాత కాగులో వేసి నీళ్ళు పోస్తే, కుతకుతా ఉడికి ఆవిర్లు కక్కేవి. పిల్లల్ని ఆ దరిదాపులకు రానిచ్చేవాళ్ళం కాదు. చల్లారాక వడగట్టి, అందులో కాస్త బంక, చిటికెడు నీలిమందు. తడిమీద ఏమీ వేసినట్టే ఉండదు, నీళ్ళు చల్లినట్టు గోడ కనపడుతుంది. ‘ఇంకో చెయ్యి వెయ్యండి’ అని కొత్తవాళ్ళు కంగారు పడేవాళ్ళు. ఆరేకొద్దీ తేటపడి, మర్నాటికి కంటికి చల్లగా తెల్లబడేది. గ్రీసు దీవుల్లోనూ గోడలకు సున్నమే. ఆ తలుపుల నీలం కోసం వాళ్ళూ బట్టల నీలిమందే సున్నంలో కలుపుకున్నారు. కనుక నీకు ఆ గ్రీకు ఇల్లు కావాలంటే డబ్బా కోసం సత్తెనపల్లి దాటి పోనక్కర్లేదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో: ప్లాస్టిక్ పెయింటు మీదా పుట్టీ మీదా సున్నం నిలవదు, పొట్టు లేస్తుంది. ఏ గదికి సున్నమో ఇప్పుడే తేల్చి మేస్త్రీకి చెప్పు.

ఆ గులాబీకి మాత్రం నా ఓటు. లూయీస్ బరగాన్ అని మెక్సికో వాస్తుశిల్పి 1948లో మెక్సికో నగరంలో కట్టుకున్న ఇంటిని 2004లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ఆయన పనితనం గమనించు. రంగుగోడ ఒక్కటే ఉంటుంది, పక్కవన్నీ ఊరుకుంటాయి. దాని మీద ఎండ పడేటట్టు చూసుకుంటాడు. ఆ రంగు ఇంటికి గోంగూర పచ్చడి లాంటిది, కంచం నిండా వడ్డించుకోం. మీ మెట్ల దగ్గర తూర్పు గోడకు ఎదురుగా ఉన్నదొక్కటే వేయించు. పొద్దున్నే కాంతి పడి హాలంతా ఆ ఛాయ పాకుతుంది.

జపాను గది గురించి నేను చెప్పేదేం లేదు. మట్టిరంగు గోడ, తక్కువ వెలుతురు మీ పడమటి గదికి బాగా అతుకుతాయి. మండువా ఇళ్ళలో అదే చల్లదనంలో మేం నిద్రపోయాం.

అసలు సంగతికొస్తాను. లోకం మన ఇళ్ళకు రంగులు పంపడం ఇవాళ్టి ముచ్చట. మూడువందల ఏళ్ళ కిందట మన బందరు రంగే లోకం ఇళ్ళలోకి వెళ్ళింది. చిరివేరు ఎరుపు, తుప్పు ఇనుమును బెల్లం నీళ్ళలో ఊరేసి తీసిన నలుపు అద్దిన కలంకారీ దుప్పట్లు ఓడలెక్కి ఐరోపా మంచాల మీదా గోడల మీదా వేలాడాయి. వాటి మోజు తట్టుకోలేక ఫ్రాన్సు 1686లో నిషేధించింది, ఆ నిషేధాన్ని 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండు 1721లో ఒంటిమీదే కాదు, ఇంట్లో తెరలుగానూ వాడకూడదని చట్టం చేసింది. డేవిడ్ గారిక్ అని అక్కడ పేరున్న నటుడు. ఆయన భార్యకు కలకత్తా వర్తకులు కానుకగా పంపిన అలాంటి మంచం తెరల్ని కస్టమ్స్ వాళ్ళు పట్టుకుపోయారట! ఆ మంచం ఇప్పుడు లండనులో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

అందుకని నువ్వు ముందు పెడన వెళ్ళి తెరలకు కలంకారీ గుడ్డ కొను. ఆ గుడ్డలో ఉన్న ఎరుపో, మట్టిపసుపో, ఇటిక రంగో తీసి గోడకు కలిపించు. పెయింటు ఏ ఛాయ అడిగినా మిషను కలిపి ఇస్తుంది. గోడ ముందు వేసి దానికి తగ్గ గుడ్డ కోసం తిరగడం మాత్రం మహా చిరాకు. కింద పరిచేది మాచర్ల నాపరాళ్ళంటున్నావు కదా, ఆ బూడిద నీలానికి ఇటిక రంగు బాగా పలుకుతుంది.

కార్డు చూసి ఖాయం చేయకు. గోడ మీద మూడడుగుల చదరం వేయించి, పొద్దున, మిట్టమధ్యాహ్నం, లైటు వేశాకా చూడు. నచ్చితే ముందుకెళ్ళు. ప్రతి డబ్బాలో ఒక లీటరు మిగిల్చి, మూత మీద ఏ గదిదో, ఏ నంబరో రాయించి దాచు. వచ్చే వానాకాలం చెమ్మకు ఎక్కడో ఒకచోట గోడ ఊరుతుంది, అప్పుడు అదే రంగు దొరక్క ఇల్లంతా మళ్ళీ కొట్టించాల్సిన పని ఉండదు.

మీ అత్త