అవిభాజ్య వాటా

ఇల్లు కొనుక్కోవడంలో నీతి ప్రసక్తి ఏమిటని మిత్రులు కొందరు అడుగుతారు. ఎవరి డబ్బు వారిది, ఎవరి అభిరుచి వారిది అంటారు. కాని మనిషి ఎటువంటి ఇల్లు కోరుకుంటాడో దాన్నిబట్టి, ఎటువంటి సంఘాన్ని కోరుకుంటున్నాడో కూడ తెలుస్తుంది. గనక ఈ విషయాన్ని అభిరుచికి వదిలేసి ఊరుకోవడం సాధ్యం కాదు.

హైదరాబాదు పడమటి అంచున కోకాపేట, నార్సింగి ప్రాంతాల్లో లేచిన ఆకాశహర్మ్యాలను తీసుకుందాం. స్థలం వైశాల్యానికి ఇన్ని రెట్లకు మించి కట్టరాదనే హద్దు ఇతర మహానగరాల్లో ఉన్నట్టు 2012 నాటి ఇక్కడి భవన నిబంధనల్లో లేదు. ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలిన ఖాళీ ఎత్తును నిర్ణయిస్తాయి. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ భూములను హెచ్.ఎం.డి.ఎ. వేలం వేసినప్పుడు ఒక ప్లాటుకు ఎకరం ధర 100 కోట్లు దాటింది. ఎకరానికి 4840 గజాలు; అంటే గజం రెండు లక్షల పైమాటే. అంత ధర పోసి కొన్న నేలమీద అంతస్తుపై అంతస్తు వెయ్యనిదే పెట్టుబడికి లాభం గిట్టదు. ఎత్తు మొదట భూమి ధరలో పుట్టింది. కొనేవాడి కోరికగా మారింది ఆ తరవాతనే.

ఆ కొనేవాడు చూసేదేమిటి? ఒక మిత్రుడి వెంట ఇటువంటి ఇళ్ళు చూడ్డానికి నేనూ వెళ్ళాను. అతను అడిగినవి చాలావరకు న్యాయమైనవే: గాలీ వెలుతురూ, నీళ్ళు, కరెంటు పోతే జనరేటరు, పిల్లలు ఆడుకునే చోటు, చెప్పిన చదరపుటడుగుల్లో గోడల మధ్య నిజంగా దక్కేది ఎంత అన్న లెక్క. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం ఈ చివరి లెక్కకు నిర్వచనం కూడ ఇచ్చింది. ఇవేవీ విలాసాలు కావు, మనిషి అన్నవాడికల్లా ఉండవలసినవి. కాని అమ్మే కుర్రవాడు ఉత్సాహంగా ఏకరువు పెట్టినవి వేరు: అంతస్తుకు రెండే ఇళ్ళు, పక్కింటితో కలిసే గోడ లేదు, పనివాళ్ళకు వేరే లిఫ్టు, వంటింటి వెనక పనిమనిషికి చిన్న గది. “ఇక్కడ మీకెవరూ ఎదురు రారు సార్” అన్నాడు. సౌకర్యం అమ్మడం అక్కడితో ముగిసింది. దూరం అమ్మడం మొదలయింది.

దొంగల భయమూ నీటి ఎద్దడీ ఉన్న నగరంలో రక్షణ కోరడం తప్పా అని అడగవచ్చు. ఈ వాదంలో నిజం లేకపోలేదు. నగరం అందరికీ ఇవ్వవలసినదాన్ని ఇవ్వనప్పుడు, ఉన్నవాడు తనమటుకు తాను కొనుక్కుంటాడు. కాని అలా కొనుక్కున్నప్పుడల్లా, అందరికీ కావాలని అడగగలిగిన గొంతు ఒకటి తగ్గిపోతుంది. అధికారులు వినే గొంతు కూడ అదే.

పైగా ఈ దూరంలో ఒక వైరుధ్యం ఉంది. 30వ అంతస్తులో ఉన్నవాడికంటె పరాధీనుడు లేడు. పంపు నడిపేవాడు, లిఫ్టు బాగుచేసేవాడు, కాపలావాడు, గచ్చు తుడిచే ఆమె — వీరు నాలుగు రోజులు రాకపోతే ఆ మేడ మీద కాపురం సాగదు. రిజిస్ట్రేషను దస్తావేజు చెప్పేదీ ఇంచుమించు ఇదే. కొన్నవాడికి నేలలో దక్కేది కొద్ది గజాల అవిభాజ్య వాటా; ఇదీ నాది అని గీత గీసి చూపడానికి వీలులేనిది. మెట్లూ, లిఫ్టూ, నీటి తొట్టీ అన్నీ ఉమ్మడే. ఉమ్మడి ఆస్తి అన్నమాట వింటేనే ఉలిక్కిపడే వర్గం, తన జీవితంలోకెల్ల ఖరీదైన ఆస్తిని ఉమ్మడిగానే కొంటున్నది!

మరి ఆ ఉమ్మడిలో కట్టినవారికి చోటెక్కడ? పాలమూరు నుంచీ, ఒడిశా, బీహారుల నుంచీ వచ్చిన కూలీలు పని జరిగినన్నాళ్ళు రేకుల షెడ్లలో ఉంటారు. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం 34వ సెక్షను యజమాని వారికి ఉచితంగా తాత్కాలిక వసతి కల్పించాలన్నది. పని పూర్తికాగానే ఆ వసతిని తన ఖర్చుతో తొలగించాలని కూడ అన్నది. చట్టం కార్మికుల మేలు కోరి చేసినదే, సందేహం లేదు. అయినా ఫలితం చూడండి: ఒకరి గృహప్రవేశానికి ముందు మరొకరి గూడు చట్టప్రకారమే నేలమట్టం కావాలి. పెట్టుబడి గృహసమస్యను తీర్చదు, ఒక చోటినుంచి మరొక చోటికి నెడుతుందని ఎంగెల్స్ 1872లోనే వాదించాడు. ఆ వాదానికి కోకాపేట కొత్త ఉదాహరణ.

ఎత్తైన ఇంటిమీద నాకు పగలేదు. నేల తక్కువై జనం పెరిగిన నగరంలో పైకి కట్టక తప్పదు. మన క్లాసుల్లో కూర్చున్న విద్యార్థుల్లో రేపు అటువంటి ఇళ్ళు కొనేవారున్నారు, నేడు వాటికి ఇటుకలు మోస్తున్నవారి బిడ్డలూ ఉన్నారు. ఇద్దరికీ నేను చెప్పదలచినది ఒక్కటే. తూర్పు వాకిలి గురించి అడిగిన నోటితోనే, ఈ మేడను కట్టినవారూ, రేపు నడిపేవారూ ఎక్కడ కాపురముంటారని కూడ అడగాలి. బిల్డరు జవాబు చెప్పలేకపోతే ప్రభుత్వాన్ని అడగాలి. ఆ ప్రశ్న లేని బేరంలో మనం కొనేది ఇల్లు మాత్రమే కాదు, ఇంకొకరి నిలువనీడ లేనితనం కూడ.