కాన్పు ఎక్కడో చెప్పేదెవరు?





నెలలు నిండాక మహామాయ ఏం కోరిందో గుర్తుందా? కాన్పుకు పుట్టింటికి, దేవదహకు పోతానంది. శుద్ధోదనుడు సరేనన్నాడు. దారిలో లుంబినీ వనంలో బిడ్డ పుట్టాడు. ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’ మొదట్లోనే బాబాసాహెబ్ ఈ సంగతి రాశారు. తన కాన్పు ఎక్కడో తల్లే చెప్పింది, రాజు ఒప్పుకున్నాడు.

మన వరికుంటపాడు, ఉదయగిరి మెట్టలోనూ తొలి కాన్పుకు ఆడబిడ్డ పుట్టింటికే పోతుంది. ఏ ఆస్పత్రిలో కన్నా పక్కన అమ్మ ఉండాలనుకుంటుంది. మరి వేరేవాళ్ళ బిడ్డను మోసే సరోగసీ తల్లికి ఆ కోరిక ఉండదా?

2017 జూన్‌లో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఒక సంతాన సాఫల్య కేంద్రంలో పోలీసులు సోదా చేస్తే, అద్దెకు గర్భం మోస్తున్నవాళ్ళు 40 మందికి పైగా కనిపించారు. డబ్బు అవసరమై వచ్చినవాళ్ళు. కాన్పు అయ్యేదాకా వాళ్ళను అక్కడే ఉంచారని వార్తలొచ్చాయి.

“సంతకం పెట్టింది కదా, బిడ్డ క్షేమం కోసమే కదా” అంటారు కొందరు. బిడ్డ మీద ఆత్రం తప్పు కాదు. మంచి ఆస్పత్రి చూపించడం, ఖర్చు భరించడం మైత్రే. గడప దాటనివ్వకపోవడం మైత్రి కాదు. ఉపాసకుడు చేయకూడని 5 వ్యాపారాల్లో ప్రాణుల వ్యాపారాన్నీ బుద్ధుడు చెప్పాడు. ఎక్కడ తినాలో, ఎక్కడ పడుకోవాలో, ఎక్కడ కనాలో డబ్బిచ్చినవాడే చెబితే అది ఏ లెక్కలోకి వస్తుంది? మన తాతలు పాలేర్లుగా ఉన్నప్పుడు ఊరు దాటాలంటే ఆసామిని అడగాల్సి వచ్చేది. దాన్ని మనం వెట్టి అన్నాం.

2022 జనవరి 25 నుంచి సరోగసీ నియంత్రణ చట్టం అమల్లో ఉంది. డబ్బుకు గర్భం మోయించడం నేరం. సొంత బిడ్డ ఉన్న, 25 నుంచి 35 ఏళ్ళ స్త్రీ మాత్రమే, అదీ జీవితంలో ఒక్కసారే మోయాలి. వైద్య ఖర్చులతో పాటు 36 నెలల బీమా ఇవ్వాలి. ఆమెకు అర్థమయ్యే భాషలో అన్నీ చెప్పి రాతపూర్వకంగా ఒప్పుదల తీసుకోవాలి. పిండాన్ని గర్భంలో పెట్టేలోపు ఆమె వద్దనుకోవచ్చు.

డబ్బు పోతే బలవంతం పోయినట్టేనా? ఇక చుట్టాల్లోనే అడుగుతారు. అక్క కోసం చెల్లెల్ని, వదిన కోసం ఆడబిడ్డను. “మనింటి పిల్లే కదా” అంటే కాదనడం ఎంత కష్టమో మీకు తెలుసు. దానానికి ప్రాణం చేతన. ఇచ్చే మనసుకు స్వేచ్ఛ లేకపోతే అది దానం కాదు, గుంజుకోవడమే.

1928లోనే బొంబాయి శాసనమండలిలో బాబాసాహెబ్ ప్రసూతి ప్రయోజనాల బిల్లును సమర్థించారు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలని వాదించారు. తల్లిని ఆయన మనిషిగా చూశారు, సంచిగా కాదు.

కాబట్టి మీ ఇంట్లో ఈ మాట వస్తే, పెద్దలు లేని చోట ఆమెను కూర్చోబెట్టి అడగండి. మోయడం నీకు ఇష్టమేనా? కాన్పు ఎక్కడ కావాలి? పక్కన ఎవరుండాలి? ప్రమాదం ఉందని డాక్టరు చెబితే అదీ విడమరచి చెప్పండి. తర్వాత ఆమె ఏ ఊరంటే ఆ ఊరికే బండి మాట్లాడండి. ఆమె వద్దంటే, ఆ మాట ఇంకెప్పుడూ ఎత్తకండి.

జై భీమ్!